శ్రీకాకుళం, విజయనగరం నుంచి విమానం ఎక్కేవాళ్లకు: గాల్లో దూరం, ప్రయాణ సమయం సరిగ్గా లెక్క కట్టే పద్ధతి

"విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంతసేపు?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. దీనికి మూడు జవాబులున్నాయి, మూడూ నిజమే. దూరాన్ని వేగంతో భాగిస్తే 38 నిమిషాలు. టికెట్ మీద చూస్తే గంటంబావు అటూ ఇటూ. శ్రీకాకుళంలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి కూకట్‌పల్లిలో చుట్టాల గుమ్మం ఎక్కేదాకా లెక్కేస్తే ఎనిమిది గంటల పైమాటే.

ఏ పనికి ఏ లెక్క వాడాలో తెలియకే చాలామందికి విమానం తప్పిపోతోంది. అందుకే మూడు లెక్కలూ వరసగా చెబుతాను. పక్కన ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ పెట్టుకుని చదివితే మీ ప్రయాణం లెక్క మీకే తేలిపోతుంది.

## 1. ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- టికెట్. దాని మీద రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు. విశాఖకి వీటీజెడ్, హైదరాబాద్‌కి హెచ్‌వైడీ, చెన్నైకి ఎంఏఏ, బెంగళూరుకి బీఎల్ఆర్, ఢిల్లీకి డీఈఎల్.
- విమానం రకం. జెట్టా, రెక్కల దగ్గర పంకాలు తిరిగే ఏటీఆరా? బుక్ చేసేటప్పుడు వివరాల్లో ఉంటుంది.
- బయల్దేరే, దిగే సమయాలు తేదీలతో సహా.
- మీ ఊరి నుంచి విమానాశ్రయానికి రోడ్డు దూరం.

మొదటిది తేలిగ్గా తీసుకోకండి. విశాఖ విమానాశ్రయం ఎన్‌ఏడీ కూడలి దాటాక, నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం విజయనగరం జిల్లా భోగాపురంలో, మనకి దారి మధ్యలోనే ఉంది. రెండింటికీ మధ్య రోడ్డు మీద గంటకు తక్కువ పట్టదు. టికెట్ మీద ఏది రాసి ఉందో చదివాకే కారు మాట్లాడండి. పాత అలవాటు కొద్దీ డ్రైవర్ ఒకవైపు పోతే దారిలో వెనక్కి తిప్పుకునే టైముండదు.

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వాళ్లు ఇంకో పని చేయాలి. విశాఖతోపాటు భువనేశ్వర్ నుంచి ధర, సమయం కూడా చూడండి. ఇచ్ఛాపురానికి రోడ్డు మీద విశాఖ కంటే భువనేశ్వరే దగ్గర.

## 2. గాల్లో దూరం: ఫోన్‌తో రెండు నిమిషాల్లో

రోడ్డు దూరం వేరు, గాల్లో దూరం వేరు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి భూగోళం మీద లాగి పట్టిన దారం లాంటిది. పిల్లల బడి గ్లోబు ఇంట్లో ఉంటే ఒక్కసారి చేసి చూడండి. హైదరాబాద్ మీద ఒక వేలు, చికాగో మీద ఒక వేలు పెట్టి దారం బిగించండి. అది ఐరోపా మీదుగా అడ్డంగా పోదు, పైకి జారిపోయి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. గోడ మీద మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలిచిన దూరం విదేశాలకి ఎందుకు తప్పుతుందో ఆ దారమే చెబుతుంది.

చేసే వరస ఇది:

1. గూగుల్ మ్యాప్స్‌లో మొదటి విమానాశ్రయాన్ని వెతకండి. ఊరి పేరు కాదు, విమానాశ్రయం పేరే కొట్టండి.
2. కంప్యూటర్ అయితే రన్‌వే మీద మౌస్ కుడి బటన్ నొక్కండి. ఫోన్ అయితే వేలు కాసేపు నొక్కి పట్టండి.
3. దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకోండి.
4. రెండో విమానాశ్రయం దాకా గీత లాగండి. కిలోమీటర్లు అక్కడే కనిపిస్తాయి.

దారి చూపించే బటన్ నొక్కితే మాత్రం రోడ్డు దూరం వస్తుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

## 3. గాల్లో దూరం: కాగితం మీద

ఫోన్ చెప్పింది నిజమో కాదో చూసుకోవాలనుకునేవాళ్లకీ, పోటీ పరీక్షలకి చదివే పిల్లలకీ ఇది. దేశం లోపలి దూరాలకి ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కి.మీ. రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉంటుంది గానీ ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో అక్షాంశం కాస్ విలువ (క్యాలిక్యులేటర్‌లో cos బటన్) చెబుతుంది.

విశాఖ: 17.721 ఉత్తరం, 83.224 తూర్పు. హైదరాబాద్ శంషాబాద్: 17.240 ఉత్తరం, 78.428 తూర్పు.

- అక్షాంశాల తేడా 0.481. దాన్ని 111.2తో గుణిస్తే 53.5 కి.మీ.
- రేఖాంశాల తేడా 4.796. రెండు అక్షాంశాల సగటు 17.48. దాని కాస్ విలువ 0.954. 4.796ని ఈ 0.954తో, 111.2తో గుణిస్తే సుమారు 509 కి.మీ.
- రెండింటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీయండి. సుమారు 512 కి.మీ. వస్తుంది.

ఇందులో రెండు చోట్ల చెయ్యి జారుతుంది. ఒకటి: విశాఖ అక్షాంశం 17°43′ అని రాసి ఉంటే అది 17.43 కాదు. 43 నిమిషాలను 60తో భాగించాలి, 17.72 వస్తుంది. ఈ తప్పు ఒక్కటే మీ విమానాశ్రయాన్ని 32 కి.మీ. పక్కకి జరిపేస్తుంది. రెండు: క్యాలిక్యులేటర్ రేడియన్స్‌లో ఉండిపోవడం. 17.5కి కాస్ కొడితే 0.95 రావాలి. 0.22 వచ్చిందంటే డిగ్రీల్లోకి మార్చండి.

విశాఖ నుంచి మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఊళ్లకి నేను ఇలాగే కట్టిన దూరాలు, కాస్త అటూ ఇటూగా:

- విజయవాడ: 290 కి.మీ.
- భువనేశ్వర్: 390 కి.మీ.
- హైదరాబాద్: 510 కి.మీ.
- చెన్నై: 620 కి.మీ.
- బెంగళూరు, కోల్‌కతా: రెండూ 775 కి.మీ. దగ్గర
- ముంబయి: 1,100 కి.మీ.
- ఢిల్లీ: 1,360 కి.మీ.

విమానాల లెక్కల్లో నాటికల్ మైళ్లు కనిపిస్తే 1.852తో గుణించండి. మామూలు మైళ్లయితే 1.609తో. ఈ రెండింటినీ కలిపేసుకుంటే దూరం ఏడో వంతు తేడా వస్తుంది.

## 4. దూరం నుంచి సమయం

జెట్ విమానం పైకి చేరాక గంటకి 800 కి.మీ. పైన పోతుంది. ఏటీఆర్ 500 దగ్గర పోతుంది. కానీ ఏ విమానమూ గేటు దగ్గర్నుంచి ఆ వేగంతో మొదలవ్వదు. ట్రాక్టర్ లాంటి బండి వెనక్కి నెట్టాలి, రన్‌వే దాకా నేల మీద పాక్కుంటూ పోవాలి, వరసలో ఆగాలి, పైకెక్కాలి. దిగేటప్పుడు వేగం తగ్గించుకుంటూ, ఒక్కోసారి ఊరి చుట్టూ తిరిగి, మళ్లీ గేటు దాకా రావాలి. టికెట్ మీద వేసే సమయం గేటు వదిలిన దగ్గర్నుంచి గేటు చేరేదాకా.

నేను వాడే సూత్రం:

- జెట్: దూరాన్ని 0.075తో గుణిస్తే నిమిషాలు. దానికి 35 కలపండి.
- ఏటీఆర్: దూరాన్ని 0.12తో గుణించి 30 కలపండి.

హైదరాబాద్‌కి జెట్‌లో 38, 35 కలిపి 73 నిమిషాలు. ఏటీఆర్‌లో 61, 30 కలిపి 91, అంటే గంటన్నర. ఢిల్లీకి జెట్‌లో 102, 35 కలిపి 137, అంటే రెండు గంటలా పావు. టికెట్‌తో పోల్చి చూడండి, పది నిమిషాల తేడాలో ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే అది నేరుగా పోయే విమానం కాకపోవచ్చు. మధ్యలో ఆగే ఊరు ఉందేమో వెతకండి.

ఏటీఆర్ అని వెనకాడక్కర్లేదు. ఐదు వందల కిలోమీటర్ల ప్రయాణంలో తేడా పద్దెనిమిది నిమిషాలే. వెయ్యి దాటితే మాత్రం ఆలోచించాలి.

గాలి సంగతి కూడా చూడాలి. చలికాలంలో మన ఆకాశం పైపొరల్లో, ముఖ్యంగా ఉత్తరాదిన, పడమర నుంచి తూర్పుకి గాలి గట్టిగా వీస్తుంది. తూర్పుకి వచ్చే విమానాన్ని అది నెడుతుంది, పడమరకి పోయేదాన్ని ఆపుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గాల్లో దూరం సుమారు 2,550 కి.మీ. దూరం ఒకటే అయినా పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు అరగంట దాకా తక్కువ పట్టడానికి కారణం ఇదే.

## 5. విదేశీ టికెట్ మీద గడియారం చదవడం

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. హైదరాబాద్‌లో ఎక్కేది మన గడియారం, దుబాయ్‌లో దిగేది వాళ్ల గడియారం. అలాగే తీసేస్తే తప్పు లెక్క వస్తుంది. దిగే సమయాన్ని ముందు మన గడియారంలోకి మార్చి, తర్వాత తీసివేయండి.

- దుబాయ్, అబుధాబి, మస్కట్: మన కంటే గంటన్నర వెనక. వాళ్ల సమయానికి 1:30 కలపండి.
- సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్: రెండున్నర గంటలు వెనక. 2:30 కలపండి.
- సింగపూర్, మలేషియా: రెండున్నర గంటలు ముందు. 2:30 తీసేయండి.
- డాలస్, చికాగో: ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. వాళ్లు మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం గడియారం మారుస్తారు.

ఉదాహరణకి, హైదరాబాద్‌లో 10:00కి బయల్దేరి దుబాయ్‌లో 12:30కి దిగుతుందనుకోండి. రెండున్నర గంటలు కాదు. 12:30కి 1:30 కలిపితే మన 14:00. ప్రయాణం నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో 22:00కి ఎక్కి హైదరాబాద్‌లో 03:00కి దిగితే: 22:00 అంటే మన 23:30. అక్కణ్నుంచి 03:00కి మూడున్నర గంటలు. దిగే సమయం పక్కన ప్లస్ ఒకటి అని చిన్నగా ఉంటుంది, మర్నాడు దిగుతారని అర్థం. ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ తేదీనే చెప్పండి.

## 6. అర్ధరాత్రి తేదీ

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే దీని దెబ్బ మా ఇంట్లోనే చూశాను.

గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టెక్కలి దగ్గర ఉండే మా పెద్దమ్మ మనవడు మొదటిసారి దోహా వెళ్లాలి. టికెట్ మీద పదహారో తేదీ, 01:10, హైదరాబాద్. పదిహేనో తేదీ సాయంత్రం ఐదు గంటలకి నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, విమానం పదహారున కదా, ఈ రాత్రి రైలెక్కితే పొద్దున్నకి దిగిపోతాం. అక్కణ్నుంచి విమానాశ్రయానికి బస్సుందా?"

టికెట్ ఫొటో పంపమన్నాను. 01:10 చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. ఆ విమానానికి అప్పటికి ఎనిమిది గంటలే ఉంది, విశాఖ వెళ్లి సాయంత్రం విమానం పట్టుకునే వ్యవధి లేదు. ఆ టికెట్ పోయింది. వాళ్లమ్మ చీటీ పాడి కొత్త టికెట్ కొంది.

అందుకే ఈ నియమం: సమయం 00:00 నుంచి 05:00 మధ్య ఉంటే, టికెట్ మీది తేదీకి ముందు రోజు సాయంత్రానికే ఆ ఊళ్లో ఉండాలి. గోడ క్యాలెండర్ మీద ముందు రోజు గడిలోనే "రాత్రి విమానం" అని రాయండి. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు తేదీ చెప్పకండి, "శుక్రవారం రాత్రి భోజనం చేశాక ఎక్కుతాడు" అని వారం పేరుతో చెప్పండి.

## 7. ఇంటి నుంచి గేటు దాకా: వెనక నుంచి ముందుకి

బయల్దేరే సమయం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఉదాహరణకి విశాఖ నుంచి మధ్యాహ్నం 2:00 విమానం, ఇల్లు శ్రీకాకుళం టౌన్‌లో.

1. దేశీయ విమానాలకి సామాను తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. అంటే 1:00.
2. వరసలో నిలబడడానికి గంట. విమానాశ్రయం గుమ్మంలో 12:00కి ఉండాలి.
3. శ్రీకాకుళం నుంచి 110 కి.మీ. పైచిలుకు రోడ్డు. కారులో రెండున్నర గంటలు. 9:30.
4. టైరు పంచర్, టీ, వాన, నాతవలస టోల్‌గేట్ దగ్గర క్యూ: ముప్పావుగంట. 8:45కి ఇల్లు కదలాలి.

హైవే ఆనందపురం దాకా సాఫీగానే పోతుంది. అసలు సమయం తినేది అక్కణ్నుంచి. మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా పోతే సిగ్నళ్లు. ఆఫీసుల వేళయితే ఆనందపురం నుంచి పెందుర్తి వైపు తిరిగి గోపాలపట్నం మీదుగా ఎన్‌ఏడీకి రావడం మేలు. దూరం కాస్త పెరిగినా సమయం చేతిలో ఉంటుంది. విజయనగరం వాళ్లకి కొత్తవలస, పెందుర్తి దారి కూడా ఉంది.

ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లు కాంప్లెక్స్‌లో (విశాఖ బస్టాండ్) దిగి విమానాశ్రయానికి ఆటో పట్టుకోవాలి. దానికి ఇంకో ముప్పావుగంట కలపండి.

రైలెక్కాలంటే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ టౌన్‌లో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఆ ప్రయాణం కూడా లెక్కలో వేయాలి. రైలు ఆలస్యమైతే విమానం మీ కోసం ఆగదు కాబట్టి విశాఖకి విమానం కంటే కనీసం నాలుగు గంటల ముందు చేరే రైలే ఎంచుకోండి.

అదే విమానం భోగాపురం నుంచి అనుకోండి. శ్రీకాకుళం నుంచి 60 కి.మీ. అటూ ఇటూ, గంటంబావులో చేరతారు. విజయనగరం నుంచి పాతిక కిలోమీటర్లే. హైదరాబాద్‌కి గాల్లో దూరం ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది, అంటే విమానంలో రెండు మూడు నిమిషాలు. రోడ్డు మీద మాత్రం గంటకు పైగా మిగులుతుంది. మన జిల్లాల వాళ్ల ప్రయాణ సమయం ఆకాశంలో కాదు, జాతీయ రహదారి మీద తేలుతుందని అనేది ఇందుకే.

హైదరాబాద్‌లో దిగాక సామాను కోసం అరగంట పైన, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటంబావు పైన. 8:45కి కదిలినవాళ్లు ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదుంబావు. ఎనిమిదిన్నర గంటలు. విమానమా, రాత్రి రైలా అని తేల్చుకునేటప్పుడు రైలు సమయాన్ని పోల్చవలసింది ఈ ఎనిమిదిన్నరతో, టికెట్ మీది గంటంబావుతో కాదు.

## 8. మధ్యలో విమానం మారాలంటే

విశాఖ నుంచి హైదరాబాద్, అక్కణ్నుంచి గల్ఫ్. మొదట చూడవలసింది ఒక్కటే: రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా?

ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమాన సంస్థదే. సామాను ఎక్కడిదాకా ట్యాగ్ వేశారో కౌంటర్‌లో అడిగి, ట్యాగ్ మీద కోడ్ మీరే చదవండి.

విడివిడి టికెట్లయితే హైదరాబాద్‌లో సామాను తీసుకుని, బయటికి వచ్చి, మళ్లీ కౌంటర్, ఇమిగ్రేషన్, తనిఖీ అన్నీ మొదట్నుంచి. మొదటి విమానం దిగే సమయానికీ రెండోది ఎగిరే సమయానికీ మధ్య కనీసం ఐదు గంటలు ఉంచండి. ధర తక్కువని రెండు గంటల తేడాతో కొనకండి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి తుఫాన్ల భయం, డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీకి పొగమంచు. ఆ నెలల్లో వీసా గడువో, ఉద్యోగంలో చేరే తేదీయో ముడిపడి ఉంటే ఒక రోజు ముందే వెళ్లి పడుకోండి.

## 9. లెక్క తేడా వస్తే ఎక్కడ వెతకాలి

- దూరం మరీ ఎక్కువ వచ్చింది: రోడ్డు దూరం తీసుకున్నారు. విశాఖ, హైదరాబాద్ మధ్య 600 దాటిందంటే అదే.
- దూరం మరీ తక్కువ: కాస్ విలువ రేడియన్స్‌లో తీశారు.
- సమయం టికెట్ కంటే అరగంట తక్కువ: 35 నిమిషాలు కలపడం మరిచారు.
- విదేశీ ప్రయాణం గంటన్నర, రెండున్నర గంటలు తేడా: గడియారం మార్చలేదు. అమెరికా అయితే గంట తేడా వస్తే ఎండాకాలం లెక్క చూడండి.

## 10. ముందు రోజు సాయంత్రం చూసుకునే జాబితా

- విమానాశ్రయం పేరు, కోడ్ మళ్లీ చదివారా?
- సమయం అర్ధరాత్రి తర్వాతా? తేదీ సరిచూశారా?
- వేళ మారిందని మెసేజ్ వచ్చిందా? టికెట్ వేరేవాళ్ల ఫోన్ నంబరుతో కొంటే మెసేజ్ వాళ్లకే పోతుంది, అడగండి.
- ఇల్లు కదిలే సమయం కాగితం మీద రాసి డ్రైవర్‌కి చెప్పారా?
- సామాను బరువు తూచారా? దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి సాధారణంగా లోపలికి 15, చేతిలో 7 కిలోలు. కౌంటర్ దగ్గర ఆవకాయ జాడీ బయటికి తీసి సర్దుకునేసరికి పావుగంట పోతుంది.
- తిరుగు ప్రయాణం రాత్రి పది దాటాక దిగుతుందా? విమానాశ్రయం నుంచి కాంప్లెక్స్‌కి వచ్చేసరికి శ్రీకాకుళం బస్సులు పలచబడతాయి. కారు ముందే మాట్లాడండి, లేదా విశాఖలో చుట్టాలింట్లో పడుకుని తెల్లవారి మొదటి బస్సు ఎక్కండి.